కిటికీలోని కుక్కపిల్ల

ఈ నెల మీతో ఒక కుక్కపాటను గూర్చి మాట్లాడదలచాము. కుక్కపాట అనగానే కొందరు నవ్వుకుంటారు. కొందరు, సంఘ కాపరికి ఇదేమి పని అని మొగము చిట్లిస్తారు. ఇద్దరి మీదా మాకు కోపము లేదు. ఒకప్పుడు మేమూ నవ్వినవారమే. ఆ తరువాత మొగము చిట్లించినవారమే. ఆ రెండింటి నడుమ మాకు జరిగిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

2001వ సంవత్సరములో మేము వేదాంత డిప్లొమా చదువుతున్నాము. మా హాస్టలు వరండా చివర ఒక చిన్న గదిలో పాత సామాను పడవేసి ఉంచేవారు. ఎన్నడో స్వదేశమునకు తిరిగి వెళ్ళిన మిషనరీలు విడిచిపోయిన పెట్టెలు, కాలు విరిగిన కుర్చీలు, చెదలు తిన్న పుస్తకములు, వాటి మధ్య చేతితో త్రిప్పి కీ ఇచ్చే గ్రామఫోను ఒకటి. మాకు ఇంగ్లీషు చెప్పే వృద్ధులైన మాస్టారు ఒక శనివారము సాయంత్రము దానిని బయటకు తీయించారు. దుమ్ము దులిపించి, ఉన్న పది పన్నెండు రికార్డులలో పగలనిది ఒకటి ఏరి, దాని మీద ముల్లు పెట్టారు. "వ్యాకరణము తరువాత చూద్దాము. ముందు మీ నాలుకలు తిరగాలి. వినండి" అన్నారు.

మొదట గరగరమని చప్పుడు. తరువాత తీయని స్త్రీ కంఠము. ఆమె ఏదో ప్రశ్న అడిగి ఆపీ ఆపకమునుపే రెండు మొరుగులు! మాలో ఒకరు నిజముగానే వంగి బల్ల క్రింద చూశారు. వేదాంత విద్యార్థులము ఇరవైమందిమి కడుపుబ్బ నవ్వాము. ఆ రాత్రి భోజనాల వరుసలో పళ్ళెములు పట్టుకొని నిలబడినప్పుడూ అదే పాట. ముందున్నవారు ప్రశ్న అందుకొంటే, వరుస చివరనుండి ఎవరో ఒకరు మొరిగేవారు. పరీక్షల కొరకు వల్లించిన సంగతులు ఎన్నో మరచిపోయాము గాని ఆ పాటలో ఒక్క మాట కూడ మరువలేదు.

ఆ పాట పేరు 'హౌ మచ్ ఈజ్ దట్ డాగీ ఇన్ ద విండో'. ఆ కిటికీలో కనబడే కుక్కపిల్ల వెల ఎంత అని దాని అర్థము. సంగతి చాలా చిన్నది. ఒక స్త్రీ కాలిఫోర్నియాకు ప్రయాణమై వెళ్ళవలసి ఉన్నది. తాను వెళ్ళిపోతే తన ప్రియుడు ఒంటరివాడైపోతాడు, అతనికి తోడుగా ఒక కుక్కపిల్ల ఉంటే బాగుండునని ఆమె తలంపు. దుకాణపు అద్దాల కిటికీలో తోక ఆడించే కుక్కపిల్లను చూచి వెల అడుగుతుంది. ఇతర పెంపుడు జంతువులను ఒక్కొక్క కారణము చెప్పి కాదంటుంది. అంతే. అందులో గొప్ప తత్త్వము లేదు, కన్నీరు లేదు, ఎవరికీ బోధ లేదు.

ఇంత చిన్న పాట 1953లో అమెరికా దేశమును ఊపివేసింది. పాడినది పాటీ పేజ్ అను గాయని. 1952 డిసెంబరులో రికార్డు చేశారు. మరుసటి సంవత్సరము ఆరంభములో మెర్క్యురీ కంపెనీ వారు విడుదల చేశారు. ఆ దేశములో పాటల అమ్మకములను లెక్కగట్టే బిల్‌బోర్డు పత్రిక పట్టికలో అది 8 వారములు మొదటి స్థానములో నిలిచింది. ఆ మొరుగులు నిజమైన కుక్కవి కావు. వాద్యములు వాయించడానికి వచ్చిన పెద్దమనుష్యులే గొంతు మార్చి మొరిగారు. కోటూ టై కట్టుకొన్నవారు మైకు ముందు నిలబడి కుక్కవలె అరుస్తున్న దృశ్యము తలచుకొంటే మాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

పాట వ్రాసి వరుస కట్టినవారు బాబ్ మెరిల్. వీరి సంగతి మరీ వింత. వీరికి స్వరములు కాగితము మీద వ్రాయడము రాదు, వ్రాసినది చదవడమూ రాదు. పిల్లలు ఆడుకొనే జైలోఫోను, అంటే పలకలు వరుసగా పేర్చి చిన్న కర్రతో కొట్టే బొమ్మ వాద్యము, ఒక డాలరు 98 సెంట్లు పెట్టి కొన్నది, వీరి వద్ద ఉండేది. దానిమీదనే టింగు టింగుమని కొట్టుకొంటూ వరుసలు కట్టేవారు. ఆ తరువాత 1964లో న్యూయార్కు నగరపు పెద్ద నాటకశాలలో ఆడిన 'ఫన్నీ గర్ల్' అను సంగీత నాటకమునకు పాటలు వ్రాసి ఎంతో పేరు పొందారు. గొప్ప వాద్యము చేతికి వచ్చేదాక వారు కనిపెట్టుకొని కూర్చోలేదు. చేతిలో ఉన్నది బొమ్మ, ఆ బొమ్మతోనే పని మొదలుపెట్టారు.

పాటీ పేజ్ గారి బాల్యము మన పల్లెల వారికి పరాయిదిగా తోచదు. ఆమె 1927లో ఓక్లహోమా రాష్ట్రములోని క్లేర్‌మోర్ అనే ఊరిలో పుట్టారు. తలిదండ్రులు పెట్టిన పేరు క్లారా ఆన్ ఫౌలర్. ఇంట 11 మంది పిల్లలు. తండ్రి రైల్వేలో కూలి. తల్లీ, పెద్ద అక్కలూ ప్రత్తి తీతకు వెళ్ళేవారు. ఇంటికి కరెంటు లేదు గనుక ప్రొద్దు గ్రుంకితే పుస్తకము మూసివేయవలసిందేనని ఆమె తరువాతి కాలములో టెలివిజనులో చెప్పుకొన్నారు. టల్సా నగరపు రేడియోలో పాడే అవకాశము వచ్చినప్పుడు, ఆ కార్యక్రమమునకు డబ్బు పెట్టినది పేజ్ మిల్క్ కంపెనీ అను పాల వ్యాపార సంస్థ. ఆ కంపెనీ పేరే ఆమెకు ఇంటి పేరు అయి నిలిచిపోయింది. 1950లో ఆమె పాడిన 'టెనెసీ వాల్ట్జ్' లక్షలకొలది అమ్ముడైంది. అలాంటి గాయని, బొమ్మ వాద్యము మీద పుట్టిన కుక్కపాటను చిన్నచూపు చూడలేదు. పెద్ద పాటకు ఎట్టి గొంతు ఇచ్చారో దీనికీ అట్టి గొంతే ఇచ్చారు.

2006లో మమ్మును సముద్రము ఒడ్డున, భీమునిపట్నమునకు ఉత్తరముగా ఉన్న ఒక చిన్న సంఘమునకు పంపారు. మరు వేసవిలో సెలవుల బైబిలు పాఠశాల, అనగా వి.బి.ఎస్., పెట్టాము. మేము కష్టపడి తయారుచేసిన పాఠములు మొదటి రోజుననే పిల్లలకు విసుగు పుట్టించాయి. మధ్యాహ్నము ఎండలో, తాటాకు పందిరి క్రింద అరవైమంది పిల్లలు తోసుకొంటూ, గిల్లుకొంటూ, ఏడ్చుకొంటూ ఉండగా మాకు ఏమీ తోచక, హాస్టలు పాట గుర్తుకు వచ్చి, ఆ వరుసకు అప్పటికప్పుడు తెలుగు మాటలు కూర్చి పాడాము. మా పాటలోని కుక్కపిల్ల అద్దాల కిటికీలో లేదు. మా ఊరి టీ దుకాణపు బల్ల క్రింద ఉన్నది. దానిని కొనేవారు లేరు, అదే వచ్చి ఒక ఇంటి అరుగెక్కి కూర్చుంటుంది. ఒక్కొక్క చరణము చివర ఆగి పిల్లల వంక చేయి చూపాము. అంతే, అరవై కుక్కలు!

ఆ తరువాత దానికి మేక వచ్చింది, గేదె వచ్చింది, గ్రుడ్లు పెట్టే కోడి వచ్చింది. సండేస్కూలులో, పుట్టినరోజు కూటములలో, పెండ్లి విడిదిలో, ఎక్కడ నలుగురు పిల్లలు కనబడినా అదే పాట. మా సైకిలు గంట వినబడగానే వీధి చివరనుండి మొరిగేవారు. కొన్నాళ్ళకు మాకు 'భౌభౌ అయ్యగారు' అని పేరు స్థిరపడింది. మొదట అది మాకు ముద్దుగానే ఉండేది.

2012లో ఒక కూడికలో మాటలాడుమని మమ్మును పిలిచారు. మూడు వారములు రాత్రులు మేలుకొని తయారయ్యాము. వేదిక మీద పెద్దలొకరు మమ్మును పరిచయము చేస్తూ, "ఇప్పుడు మన భౌభౌ అయ్యగారు మాటలాడతారు" అన్నారు. పందిరంతా గొల్లుమంది. ఎవరో వెనుకనుండి మొరిగారు కూడ. ఆ పెద్దలు చెడ్డ మనస్సుతో అనలేదని ఇప్పుడు తెలుసు. ఆనాడు మాత్రము మా చెవులు వేడెక్కాయి. చెప్పవలసినది చెప్పాము గాని ఏమి చెప్పామో మాకే తెలియదు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో మా శ్రీమతితో, "ఇక ఆ పాట మా నోట రాదు. మేము చదివిన చదువేమిటి, మాకు మిగిలిన పేరేమిటి?" అన్నాము. ఆమె చాలా దూరము వరకు ఏమీ అనలేదు. దిగబోయే ముందు, "పేరు పెట్టినది పెద్దవారు. పాట మానేది పిల్లల దగ్గరా?" అన్నారు. మేము వినిపించుకోలేదు.

మాట నిలుపుకొన్నాము. పిల్లలు అడిగితే వేరొక పాట ఎత్తుకొనేవారము. కొన్ని నెలలకు అడగడము మానివేశారు. సైకిలు గంట విని మొరిగేవారు లేరు. వీధి మర్యాదగానే ఉన్నది. ఆ మర్యాదలో మేము ఏమి పోగొట్టుకొన్నామో లెక్క చూచుకోలేదు.

2013 జూన్ నెలలో ఒక తల్లి తన పదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. తండ్రి లేని పిల్లవాడు. గురుకుల పాఠశాలలో సీటు వచ్చింది, మరునాడు ఉదయమే ప్రయాణము. ప్రార్థన చేసి, తల మీద చేయి ఉంచాము. వాడు కదలలేదు. గుమ్మము దగ్గర నిలబడి, "అయ్యగారూ, ఆ కుక్కపాట ఒక్కసారి" అన్నాడు. మేము, "అది చిన్నపిల్లల పాట. నీవు హాస్టలుకు వెళ్ళే పెద్దవాడివి గదా" అని పంపివేశాము. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడము చాలా కాలము మా కళ్ళలో నిలిచిపోయింది. పాడి ఉంటే రెండు నిమిషముల పని.

2014 అక్టోబరు 12, ఆదివారము. ఆ తారీకు మా ప్రాంతము వారు మరువరు. ఆనాటి మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము దగ్గర తీరము దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగముతో గాలి. ముందురోజే ఒడ్డునున్న తాటాకిండ్ల వారిని బడి భవనములోనికి చేర్చారు. మా కుటుంబమూ అక్కడే. రెండు గదులు, ఒక వరండా, మూడు వందల మందికి పైగా జనము. ఉదయమునుండి గాలి ఒక దిక్కునుండి కొట్టి కొట్టి, మధ్యాహ్నము ఒక్కసారిగా ఆగిపోయింది. చెట్టు మీద ఆకు కదలలేదు. అయిపోయిందనుకొని కొందరు బయటికి వెళ్ళబోయారు. పెద్దవయస్సు మత్స్యకారులు వారిని పట్టి లోపలికి లాగారు. తుపాను కన్ను మా మీదుగా దాటుచున్నదని వారికి తెలుసు. కొంతసేపటికి ఎదురు దిక్కునుండి మొదలైన గాలి మునుపటి దానికంటె ఘోరముగా ఉన్నది. కిటికీ తలుపు ఒకటి ఊడి ఎగిరిపోయింది. వాన అడ్డముగా లోపలికి కొట్టింది. సాయంకాలమైనా కాకమునుపే చీకటి పడినట్లయింది.

మేము లేచి నిలబడి ప్రార్థించాము, కీర్తనలు చదివాము. పెద్దలకు కొంత ధైర్యము కలిగింది. పిల్లలకు మాత్రము మా గొంతు వినబడలేదు. గాలి ఊళ పెట్టినప్పుడెల్లా వారు కేకలు వేస్తున్నారు. ఒకరు ఏడుపు ఆపితే మరొకరు అందుకొంటున్నారు. అప్పుడు మూలన కూర్చున్న ఒక ముసలమ్మ, మనుమరాలిని ఒడిలో గట్టిగా పట్టుకొని, "గుంటలు జడుసుకుంటున్నారు బాబూ. ఆ కుక్కపాట ఓపాలి పాడండి" అన్నది.

రెండేండ్ల మా పట్టుదల ఆ మాటతో ఎటు పోయిందో తెలియదు. సిగ్గుపడడానికి కూడ తీరిక లేదు. నేల మీద చతికిలబడి పాడాము. మొదటి చరణము గాలిలో కలిసిపోయింది. రెండవ చరణము చివర ఆగినప్పుడు చీకటిలోనుండి ఒక సన్నని మొరుగు. తరువాత నాలుగు. నాలుగవసారికి గదియంతా. మేక వచ్చింది, గేదె వచ్చింది, కోడి వచ్చింది. గాలి ఊళ పెట్టినప్పుడు ఒక కుర్రవాడు దానినే తిట్టినట్లు మొరిగాడు. పెద్దలు కూడ నవ్వారు. ఆ ముసలమ్మ పండ్లు లేని నోటితో మొరిగింది. ఎన్నిసార్లు పాడామో తెలియదు, తెల్లవారేసరికి మా గొంతు పూర్తిగా పోయింది. ఉదయము తలుపు తెరచి చూస్తే ఇండ్ల కప్పులు లేవు, మా ప్రార్థనా మందిరపు రేకులు లేవు, జీడితోటలు నేల పట్టి ఉన్నాయి. ఆ తరువాత ఎన్నో రోజులు కరెంటు లేదు. ఆ కష్టమునకు మా పాట ఏమీ జవాబు కాదు. అయితే ఆ రాత్రి పిల్లలు నిద్రపోయారు. అది మా కళ్ళతో చూచినది.

ఆ పాట చరిత్ర అంతవరకు మాకు తెలియదు. కొన్నేండ్ల తరువాత మా అమ్మాయి కళాశాలలో చేరి, ఫోనులో ఒక్కొక్కటే వెదకి మాకు చదివి వినిపించినది. పైన వ్రాసినవన్నీ అట్లు తెలిసినవే. వాటిలో ఒక సంగతి వద్ద మేము ఆమెను ఆపి, మరల చదువుమన్నాము.

1953లోనే ఇంగ్లండులో ఈ పాటను లీటా రోజా అను గాయని పాడారు. ఆమె లివర్‌పూల్ నగరములో 1926లో పుట్టినవారు. టెడ్ హీత్ గారి పేరుమోసిన వాద్య బృందముతో పాడేవారు. లోతైన ప్రేమగీతములు పాడడములో దిట్ట. ఈ కుక్కపాట ఆమెకు ఏ మాత్రము నచ్చలేదు. కంపెనీ వారు బలవంతము చేయగా ఒకే ఒకసారి పాడి రికార్డు ముగించి, ఇక జన్మలో దీనిని పాడనని ఒట్టు పెట్టుకొన్నారు. జరిగినదేమిటంటే, ఆ సంవత్సరము ఏప్రిలులో అది ఇంగ్లండు పట్టికలో మొదటి స్థానమునకు చేరింది. ఆ పట్టికలో మొదటి స్థానము పొందిన తొలి బ్రిటిష్ గాయని ఆమెయే. ఆమె మాట తప్పలేదు, ఆ పాట మరల పాడలేదు. పాట మాత్రము ఆమెను విడువలేదు. లివర్‌పూల్ కళాకారులు మొదటి స్థానమునకు చేర్చిన పాటలకు గుర్తుగా ఆ నగరములో కంచు బిళ్ళలు పొదిగి ఒక గోడ కట్టారు. 2001లో ఆ గోడను ఆవిష్కరించినది లీటా రోజాగారే. ఆ వరుసలో మొట్టమొదటి బిళ్ళ ఈ కుక్కపాటదే. బీటిల్స్ బృందము పాటలన్నీ దాని తరువాతనే. ఆమె 2008లో కన్నుమూశారు.

ఆమెను తప్పు పట్టడానికి మేమెవరము? చేతనైన గొప్ప పనిని జనులు ప్రక్కన పెట్టి, ఆటగా చేసిన దానినే పట్టుకొంటే ఎవరికైనా మనస్సు నొచ్చుతుంది. ఆ బస్సులో మేము అన్న మాటలే ఆమె తన మాటలలో అనుకొని ఉంటారేమో అనిపించింది. ఆమె వృత్తాంతము వింటున్నప్పుడు గుమ్మము దగ్గర తల ఊపి వెళ్ళిపోయిన ఆ పదేండ్ల పిల్లవాడే మాకు కనిపించాడు.

పాటీ పేజ్ గారికి కూడ నిందలు తప్పలేదు. తరువాత రాక్ సంగీతము వచ్చినప్పుడు, అంతకు ముందున్న పాటలు ఎంత పసలేనివో చూపడానికి విమర్శకులు ఈ కుక్కపాటనే ఉదాహరణగా చూపేవారు. ఆమె దానిని దాచుకోలేదు. కచేరీలలో అడిగినవారికి పాడుతూనే వచ్చారు. 2009లో, 81 ఏండ్ల వయస్సులో, ఆమె చేసిన పని మాకు ఎంతో నచ్చింది. దుకాణములలో అమ్మే కుక్కపిల్లలు అనేకము, తల్లికుక్కలను బోనులలో ఇరికించి పిల్లలను ఈనించే చోటులనుండి వస్తున్నాయని ఆమె బాధపడ్డారు. తన పాటే జనులను ఆ దుకాణములకు పంపుతున్నదేమోనని తలంచి, అదే వరుసకు క్రొత్త మాటలు పెట్టించి మరల పాడారు. ఈసారి కుక్కపిల్ల కిటికీలో లేదు, దిక్కులేని జంతువులను సాకే ఆశ్రయములో ఉన్నది. ఆ పాటను అమెరికాలోని హ్యూమేన్ సొసైటీ అను జంతు సంరక్షణ సంస్థకు ఇచ్చివేశారు. 2013 జనవరి 1వ తేదీన ఆమె మరణించారు. పాతదైపోయిన ఆటబొమ్మను అటక మీద పడవేయక, తుడిచి, మరొకరికి పనికివచ్చేటట్లు చేసి ఇచ్చి వెళ్ళారు.

ఇంతకూ ఈ పాటలో ఏమున్నది? మేము చాలా ఆలోచించాము. మూడేసి మాత్రల నడక, మన తిస్రగతి, ఊయల ఊగినట్లుంటుంది. వరుస ఇటలీ దేశపు 'వెనిస్ కార్నివాల్' అను పాత జానపద వరుసకు దగ్గర చుట్టము, కనుక మొదటిసారి విన్నా ఎక్కడో విన్నట్లే తోస్తుంది. గొంతు హెచ్చుగా పైకి పోదు, క్రిందికి దిగదు. రాగము రానివారూ పాడగలరు. ఇవన్నీ నిజమే. అసలు సంగతి మాత్రము ఆ రెండు మొరుగులలో ఉన్నదని మా నమ్మకము. గొప్ప పాటలను మనము చేతులు కట్టుకొని వింటాము. ఈ పాటలో వినేవారి కొరకు కొంచెము చోటు ఖాళీగా విడిచారు. ఆ చోటు నింపడానికి అక్షరము రానక్కరలేదు, శ్రుతి కుదరనక్కరలేదు, పండ్లు కూడ ఉండనక్కరలేదు. మూడేండ్ల పిల్లకూ అందులో పని ఉన్నది. తన వంతు వచ్చేదాక ఆ పిల్ల ఊపిరి బిగబట్టి ఎదురు చూస్తుంది. తన వంతు రాగానే పాట తనదైపోతుంది.

మేము చేసిన పొరపాటు ఇదే. అది మా పాట అనుకొన్నాము, దానివలన మా పేరు చెడినది అనుకొన్నాము. అది మా పాట కానే కాదు.

గత వేసవిలో ఒక పెండ్లికి వెళ్ళాము. గడ్డము పెంచిన యువకుడొకడు వచ్చి వందనము చేశాడు. గుర్తుపట్టలేదు. వాడు నవ్వి మెల్లగా రెండుసార్లు మొరిగాడు. ఆ గుమ్మము, ఆ తల ఊపడము ఒక్కసారిగా మా ముందుకు వచ్చాయి. వాని చేయి పట్టుకొని, "ఆనాడు నీవు అడిగితే పాడలేదురా. అది మాకు ఇప్పటికీ బాధగా ఉన్నది" అన్నాము. వాడు కొంచెము ఆలోచించి, "అవునండి, మీరు పాడలేదు. హాస్టల్లో మొదటి రాత్రి అందరూ ఏడుస్తున్నారండి. నాకూ ఏడుపు వచ్చింది. మీరు పాడలేదు గదా అని నేనే పాడానండి. నలభైమందికి నేర్పాను. వార్డెను గారు కుక్కలు వచ్చాయని కర్ర పట్టుకొని వచ్చారు" అన్నాడు.

మేము నవ్వాము గాని కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. అప్పుడు అక్కడే, భోజనపు పందిరి ప్రక్కన, వాడు ఎత్తుకొన్నాడు. మేము వంతు వచ్చినప్పుడు మొరిగాము. మాటలు వాడు మార్చివేశాడు. వాని పాటలో కుక్కపిల్ల హాస్టలు గోడ దూకి లోపలికి వస్తుంది.

పాఠకులారా, మీ ఇండ్లలోనూ ఇట్టి పాట ఒకటి ఉండి ఉంటుంది. అమ్మమ్మ దంపుతూ పాడినది కావచ్చు, తాత మోకాళ్ళ మీద ఊపుతూ పాడినది కావచ్చు. అర్థము లేనిదని, పెద్దరికమునకు తగదని దానిని మూటగట్టి పెట్టకండి. ఈ రాత్రి కరెంటు పోయినప్పుడు పిల్లలను దగ్గరకు తీసికొని పాడండి. చరణము చివర ఒక్క క్షణము ఆగండి. వారి వంతు వారికి విడువండి.